పాస్‌పోర్టు చివరి పేజీ

(జగిత్యాల జిల్లాలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, గల్ఫ్‌కు వెళ్ళినవారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త విదేశాల్లోని భారత కాన్సులర్ విభాగాల్లో పనిచేసి విరమణ పొందిన ఉద్యోగి.)

అందరికీ నమస్కారం. పాస్‌పోర్టులు గానీ, వాటి జిరాక్సులు గానీ తెచ్చుకోమని నిన్న ఇంటింటికీ చెప్పించాను. చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. ఇప్పుడే తెరవకండి. వాటితో పని చివర్లో ఉంది.

పాస్‌పోర్టును అందరూ ముందు నుంచి తెరుస్తారు. ఫోటో ఎలా పడిందో చూసుకుంటారు, గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుంటారు, వీసా ఏ పేజీలో కొట్టారో వెతుక్కుంటారు. నేను ఇరవై ఆరేళ్ళు వెనక నుంచి తెరిచాను. గల్ఫ్‌లో రెండు నగరాల్లో, మన ప్రభుత్వ కార్యాలయాల్లో, కాన్సులర్ విభాగంలో పనిచేశాను. పెద్ద అధికారిని కాదు. కాగితాలు చూసి, తప్పులు పట్టి, సంతకం కోసం పై బల్లకు పంపే ఉద్యోగం. నా ముందుకు వచ్చే పాస్‌పోర్టుల తాలూకు మనుషుల్లో కొందరు మార్చురీలో ఉండేవాళ్ళు, కొందరు జైల్లో ఉండేవాళ్ళు, కొందరు అద్దానికి అవతల తెగిన చెప్పులతో నిలబడి ఉండేవాళ్ళు. ఎవరిదైనా సరే, నా మొదటి పని చివరి పేజీ తెరవడం. తండ్రి పేరు, తల్లి పేరు, భార్య పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడు అక్కడే ఉంటాయి. ముందు పేజీ ఆ మనిషి ఎవరో చెబుతుంది. వెనక పేజీ ఆ మనిషికి ఎవరున్నారో చెబుతుంది.

2018 జనవరిలో ఆ పేజీని ముద్రించడం మానేద్దామని కేంద్రం ఒక ప్రతిపాదన తెచ్చింది. దాంతోపాటే, పదో తరగతి దాటని వాళ్ళ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేద్దామన్నారు. అట్ట రంగు చూసి ఫలానావాడు చదువుకోలేదని విమానాశ్రయంలో అందరికీ తెలియాలా అని విమర్శలు వచ్చాయి. నెల తిరగకముందే రెండూ వెనక్కి తీసుకున్నారు. జనం కోపమంతా రంగు మీద. నాకు మాత్రం ఆ పేజీ మిగిలిందని ప్రాణం కుదుటపడింది.

ఇంతకీ కాన్సులేట్ అంటే ఏమిటి? మన తెలుగువాళ్ళకు ఆ మాట వినగానే హైదరాబాదులో అమెరికా వీసా ఇంటర్వ్యూ గుర్తొస్తుంది. ఆ అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. ఆ ఇంటర్వ్యూకు ముందు చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. పాస్‌పోర్టు దేవుడి దగ్గర పెట్టి మొక్కే జాతి ప్రపంచంలో మనదేనేమో! (నవ్వులు) అది పరాయి దేశం మన ఊళ్ళో తెరిచిన కిటికీ. లోపలికి రానిస్తారా లేదా అని మనం ఆ కిటికీ దగ్గర నిలబడతాం. నేను చెప్పబోయేది దానికి తలకిందులు. మన దేశం పరాయి ఊళ్ళో తెరిచిన కిటికీ. అక్కడ నిలబడే మనిషి చాలాసార్లు అడిగేది ఒక్కటే, ఇంటికి ఎలా పోవాలి అని.

ఎంబసీకీ కాన్సులేట్‌కూ తేడా అడుగుతుంటారు. రాజధానిలో ఉండేది ఎంబసీ. రాయబారి అక్కడి రాజుతో, మంత్రులతో మాట్లాడతాడు. కాన్సులేట్ వేరే పెద్ద నగరంలో ఉంటుంది. కాన్సల్ ఆ ఊరి పోలీసుతో, ఆసుపత్రితో, లేబర్ ఆఫీసుతో మాట్లాడతాడు. యూఏఈలో మన ఎంబసీ అబుదాబిలో ఉంది. దుబాయిలో ఉన్నది కాన్సులేట్ జనరల్. దుబాయితోపాటు షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ దాని కిందకే వస్తాయి. సౌదీలో ఎంబసీ రియాద్‌లో, కాన్సులేట్ జెద్దాలో. మక్కా, మదీనా, అభా, జిజాన్ వైపు ఉన్నవాళ్ళకు జెద్దా దిక్కు. దమ్మాం, జుబైల్ వైపు ఉన్నవాళ్ళకు రియాద్. కువైట్, ఖతర్, బహ్రెయిన్ చిన్న దేశాలు కాబట్టి ఎంబసీలోనే కాన్సులర్ విభాగం ఉంటుంది.

ఇదంతా ఎందుకు వల్లిస్తున్నానంటే, మన ఊళ్ళలో గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే. ఒకరోజు పొద్దున ఒక తండ్రి ఫోను చేశాడు. కొడుకు మూడు నెలలుగా మాట్లాడటం లేదట. "ఎక్కడ ఉన్నాడు పెద్దాయనా?" అంటే "దుబాయిలోనే సారూ" అన్నాడు. ఏ కంపెనీ అంటే తెలియదు. మా దగ్గరున్న జాబితాలన్నీ రెండు రోజులు తిరగేశాం. మూడో రోజు ఆ కుర్రవాడి స్నేహితుడు దొరికాడు. కుర్రవాడు ఉన్నది దమ్మాంలో. మాట్లాడకపోవడానికి కారణం కూడా పెద్దదేమీ కాదు, ఫోను పోయింది, నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇది నవ్వుకునే కథగా ముగిసింది. అదే కుర్రవాడు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉండి ఉంటే ఆ రెండు రోజులు ఎంత విలువైనవో ఆలోచించండి.

ఈ కాన్సల్ అనే ఉద్యోగం నిన్న మొన్నటిది కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ వ్యాపారం చేసిన ఇటలీ నగరాల వర్తకులు, పరాయి రేవుల్లో తమ తగవులు తీర్చడానికి తమలోనే ఒకరిని పెట్టుకునేవారు. అక్కడి నుంచి పెరిగింది ఇది. కూలీల కోసం మనిషిని పెట్టడం చాలా తర్వాతి సంగతి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలీలను ఓడల్లో తీసుకువెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ చాలామంది. 1927లో గానీ భారత ప్రభుత్వం అక్కడ ఒక ఏజెంటును పెట్టలేదు. మొదటివారు శ్రీనివాస శాస్త్రి. ఆయన తర్వాత 1929లో ఆ కుర్చీలోకి వెళ్ళింది మన గోదావరి ప్రాంతం మనిషి, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వంలో మంత్రిగా చేసిన వకీలు. 1932 వరకు అక్కడే ఉన్నారు. అప్పటికి స్వాతంత్ర్యం లేదు, రాయబార కార్యాలయం పెట్టుకునే హక్కు లేదు, అందుకే ఏజెంటు అన్నారు. పని మాత్రం అదే: పరాయి ప్రభుత్వం దగ్గరకు వెళ్ళి మనవాళ్ళ తరఫున మాట్లాడటం. మొదటి ఓడకూ మొదటి ఏజెంటుకూ మధ్య 67 ఏళ్ళు. ఆ మధ్యలో చనిపోయిన కూలీల ఇళ్ళకు కబురు ఎవరు చేర్చారో నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇప్పుడు రూలు ఉంది. 1963లో వియన్నాలో కాన్సులర్ సంబంధాల మీద ఒక ఒప్పందం రాసుకున్నారు. మన దేశం 1977లో చేరింది. అందులో రెండు సూత్రాలు మీకు పనికివస్తాయి. ఒకటి 36వ అధికరణం. పరాయి దేశంలో మన మనిషిని అరెస్టు చేస్తే, నీ దేశపు కాన్సులేట్‌కు చెప్పమంటావా అని పోలీసులు అతన్ని అడగాలి. అతను చెప్పమంటే ఆలస్యం లేకుండా చెప్పాలి. కాన్సులేట్ మనిషి వెళ్ళి చూడవచ్చు, మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. రెండోది 37వ అధికరణం. మన మనిషి చనిపోతే అక్కడి ప్రభుత్వం మన కాన్సులేట్‌కు తెలియజేయాలి.

కుల్‌భూషణ్ జాదవ్ పేరు మీరు టీవీలో విన్నారు. పాకిస్తాన్ జైల్లో ఉన్న ఆయన్ను కలవడానికి మన కాన్సులర్ అధికారిని రానివ్వలేదన్నదే అంతర్జాతీయ న్యాయస్థానంలో మన వాదన. 2019 జులై 17న 15 మంది న్యాయమూర్తులు మన పక్షాన, ఒక్కరు ఎదురుగా తీర్పు ఇచ్చారు. ఆ ఒప్పందాన్ని పాకిస్తాన్ ఉల్లంఘించిందన్నారు. అంత పెద్ద కోర్టు దాకా వెళ్ళిన తగాదాకు మూలం మా బోటి వాళ్ళం మామూలుగా చేసే పనే. జైలుకు వెళ్ళి, పేరు రాసుకుని, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి రావడం.

ఆ జైలు పని గురించి కొంచెం చెబుతాను. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. ఒక జాబితా, ఒక పెన్ను, అంతే. అధికారి వెంట నేను దుబాసీగా వెళ్ళేవాణ్ణి, తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి. కేసు ఏమిటి, వకీలు ఉన్నాడా, కొడుతున్నారా, మందులు ఇస్తున్నారా అని వరుసగా అడగాలి. ఒక మనిషి వీటిలో దేనికీ సరిగా జవాబు చెప్పలేదు. నా యాస విని, ఎస్సారెస్పీ కాలువకు, అంటే మన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాలువకు, నీళ్ళు వదిలారా అని అడిగాడు. నాకు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను. తర్వాతి నెల వెళ్ళేసరికి అతన్ని వేరే జైలుకు మార్చారు.

మా వల్ల ఏమి కాదో కూడా చెప్పాలి. కాన్సులేట్ కోర్టు కాదు. శిక్ష తగ్గించలేదు. తలుపు తట్టగలదు గానీ తాళం తీయలేదు. సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు ఐదుగురు ఒక హత్య కేసులో దుబాయి జైల్లో 18 ఏళ్ళు ఉండి, 2024 ఫిబ్రవరి నాటికి ఇల్లు చేరారు. చనిపోయిన వాచ్‌మన్ నేపాల్ మనిషి. అక్కడి చట్టంలో బాధితుడి కుటుంబం క్షమించడానికి ఒక దారి ఉంది. దాన్ని దియ్యా అంటారు, మన పత్రికలు బ్లడ్ మనీ అని రాస్తాయి. నేపాల్‌లోని ఆ కుటుంబాన్ని వెతికి, ఒప్పించి, డబ్బు చేర్చారు. అయినా అన్నేళ్ళు పట్టింది. కాన్సులేట్ రాసిన ఉత్తరాలు అందులో ఒక భాగం మాత్రమే. ఎవరైనా ఏజెంటు వచ్చి, లక్ష ఇవ్వండి, కాన్సులేట్లో మా మనిషి ఉన్నాడు, నెలలో జైలు నుంచి విడిపిస్తాను అంటే నమ్మకండి.

అలాగే ఔట్‌పాస్. దీని మీద ఉన్నన్ని అపోహలు దేని మీదా లేవు. పాస్‌పోర్టు పోయినవాడికి, లేదా అది కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, ఉండిపోయినవాడికి మేము ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తాం. ఒక్కసారి ఇంటికి రావడానికి పనికివచ్చే కాగితం. దాన్నే జనం ఔట్‌పాస్ అంటారు. అది చేతికి వస్తే విమానం ఎక్కడమే తరువాయి అనుకుంటారు. కాదు. అది నీవు భారతీయుడివని మన దేశం ఇచ్చే మాట. నిన్ను బయటికి వదలాలా వద్దా అన్నది ఆ దేశం మాట. వేలిముద్ర పెట్టగానే వాళ్ళ కంప్యూటర్‌లో హురూబ్ కేసు కనిపించవచ్చు. హురూబ్ అంటే, పని వదిలి పారిపోయాడని కఫీల్ పెట్టే కేసు. బ్యాంకు అప్పు కనిపించవచ్చు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టిన కాగితం కనిపించవచ్చు. అవి తేలేదాకా కదలడానికి లేదు.

ఖల్లివెల్లి అయినవాళ్ళకు, అంటే కాగితాలు లేకుండా బయట పనిచేసేవాళ్ళకు, ఆమ్నెస్టీ, అంటే శిక్ష లేకుండా వెళ్ళిపొమ్మని ఆ ప్రభుత్వం ఇచ్చే గడువు, ఒక్కటే తేలిక దారి. యూఏఈ 2018లో ఇచ్చింది, మళ్ళీ 2024లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చింది. ఆ నెలల్లో కాన్సులేట్ గేటు దగ్గర తెల్లవారుజామున నాలుగింటికే వరుస మొదలవుతుంది. పన్నెండేళ్ళుగా ఊరు చూడనివాళ్ళు ఆ వరుసలో కొత్త చొక్కా వేసుకుని వస్తారు, ఆ రోజే విమానం ఎక్కుతామనుకుని.

ఇంకొకటి. పాస్‌పోర్టు పుస్తకం నీది కాదు, కఫీల్‌ది అంతకన్నా కాదు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. ఈ సంగతి మేము ఉత్తరాల్లో రాస్తూనే ఉంటాం, యజమానులు బీరువాల్లో పెట్టుకుంటూనే ఉంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కనీసం ఇద్దరి ఇళ్ళకు పెట్టె వచ్చింది. వాళ్ళ ఎదుట ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ చెప్పకపోతే నేను వచ్చిన పని లేదు.

మనిషి చనిపోయాక మృతదేహం ఊరికి రావడానికి ఏమేమి కావాలో దుబాయి సంగతి చెబుతాను. ఆసుపత్రి లేదా పోలీసుల నుంచి మరణ సమాచారం. దాని మీద అక్కడి ఆరోగ్య శాఖ ఇచ్చే మరణ ధ్రువపత్రం. అతని వీసా రద్దు. ఆ తర్వాత మన కాన్సులేట్లో మూడు పనులు: మరణం నమోదు, పాస్‌పోర్టు రద్దు, మృతదేహం తీసుకువెళ్ళడానికి అభ్యంతరం లేదన్న పత్రం. రద్దు చేయడమంటే పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టడం. నేను వందలసార్లు చూశాను. ఆ ముద్ర చప్పుడు రెన్యువల్ ముద్ర చప్పుడులాగే ఉంటుంది. తర్వాత సోనాపూర్‌లో ఎంబామింగ్, అంటే మృతదేహం పాడవకుండా మందు ఎక్కించడం. సోనాపూర్ అంటే మీలో చాలామందికి లేబర్ క్యాంపులు. అక్కడే ఇదీ ఉంది. తర్వాత కార్గోలో బుకింగ్. శంషాబాద్‌లో దిగేది కూడా కార్గో వైపే. ప్రయాణికులు వచ్చే ద్వారం దగ్గర నిలబడి ఎదురుచూసిన కుటుంబాలు ఉన్నాయి, అందుకే చెబుతున్నాను.

కాగితాలన్నీ సవ్యంగా ఉంటే, మామూలు మరణమైతే, దుబాయి నుంచి కొద్ది రోజుల్లో పంపవచ్చు. ప్రమాదమో, ఆత్మహత్యో అయితే పోలీసు విచారణ ముగియాలి. సౌదీలో వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. దుబాయిలో హిందువుల దహనానికి జెబెల్ అలీలో ఏర్పాటు ఉంది. సౌదీలో దహనం కుదరదు. ఊరికి తేవడమా, అక్కడే ఖననమా, రెండే దారులు. ఏది కావాలో చెప్పవలసింది కుటుంబం. అదీ నోటితో కాదు, సంతకం చేసిన సమ్మతి పత్రంతో. మృతదేహాన్ని ఎవరికి అప్పగించాలో, కంపెనీ ఇవ్వాల్సిన బాకీలు ఎవరు తీసుకోవాలో కూడా అందులోనే రాయాలి.

ఇక్కడే చివరి పేజీ అడ్డం పడుతుంది. పాస్‌పోర్టులో తల్లి పేరు లచ్చవ్వ. సమ్మతి పత్రంతో వచ్చిన ఆధార్‌లో లక్ష్మి. ఊరందరికీ ఇద్దరూ ఒకటే అని తెలుసు. నాకూ తెలుసు. నా పై అధికారిది వేరే రాష్ట్రం, ఆయనకు తెలియదు. తెలిసినా ఆయన సంతకం పెట్టలేడు, రేపు ఇంకెవరో వచ్చి నేను అసలు తల్లిని అంటే ఆయన ఉద్యోగం పోతుంది. తహసీల్దారు దగ్గర నుంచి ఇద్దరూ ఒకరేనని కాగితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆ అబ్బాయి ఫ్రీజర్‌లోనే ఉన్నాడు.

భార్య పేరుదీ అదే కథ. పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టు. పదేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. భార్య పేరు చేర్పించలేదు. మనిషి పోయాక, నేను భార్యను అని ఆవిడ రుజువు చేసుకోవాలి. అత్తవారు మంచివాళ్ళయితే ఒక రకం, కాకపోతే కోర్టే.

నా వల్ల జరిగిన తప్పు కూడా చెబుతాను. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా మారింది, కొన్నిచోట్ల మండలం మారింది, పాస్‌పోర్టులు మారలేదు. ఒక మరణం గురించి ఊరికి కబురు పంపాలి. చివరి పేజీలో ఉన్న పాత జిల్లా పేరు చూసి, పాత జిల్లా కేంద్రానికి లేఖ పంపాను. ఆ ఊరు అప్పటికే కొత్త జిల్లాలో ఉంది. లేఖ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగి ఊరు చేరేసరికి నాలుగు రోజులు. ఈలోపు క్యాంపులో పక్క మంచం అబ్బాయి వాట్సాప్‌లో ఫోటో పెట్టేశాడు. తల్లికి కొడుకు చావు అలా తెలిసింది. ఈ ప్రాంతంలో పుట్టినవాణ్ణి, ఆ ఊరు ఏ జిల్లాలోకి వెళ్ళిందో నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది. పని ఒత్తిడి అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడు అలా అనుకోను.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలిపోయింది. కనీసం 45 మంది భారతీయులు పోయారు, వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. మంత్రి వెళ్ళారు, డీఎన్ఏ పరీక్షలు చేశారు, రెండు రోజుల్లో వాయుసేన విమానం కొచ్చిలో దిగింది. బాగా చేశారు. ప్రభుత్వం తలచుకుంటే ఎంత వేగంగా కదులుతుందో అందరూ చూశారు. 1990లో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు కూడా అంతే, జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా దాదాపు 1,70,000 మందిని విమానాల్లో తెచ్చారు. పెద్ద ఆపదలో మనవాళ్ళు దిట్టలు. నా బాధంతా ఒంటరిగా చనిపోయే మనిషి గురించి. క్యాంపులో రాత్రి నిద్రలో గుండె ఆగి, పొద్దున డ్యూటీ బస్సుకు లేవని మనిషి. అతని కోసం మంత్రి రాడు. అతని ఫైలు నా బల్ల మీద ఇంకో పదిహేను ఫైళ్ళ కింద ఉంటుంది. అది కదలాలంటే అవతలి కొసన, అంటే ఇక్కడ, ఎవరో ఒకరు సరైన కాగితంతో సిద్ధంగా ఉండాలి.

ఖర్చు సంగతి. మృతదేహం పంపే ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే, లేదా మనిషి ఖల్లివెల్లి అయితే, కాన్సులేట్ దగ్గర భారత సమాజ సంక్షేమ నిధి ఉంది. 2009లో మొదలైంది. ఢిల్లీ బడ్జెట్ సొమ్ము కాదు అది. కాన్సులేట్లో ఎవరు ఏ సేవ తీసుకున్నా, రుసుముతోపాటు ఒక చిన్న మొత్తం ఆ నిధికి కడతారు. దుబాయిలో కారు దిగి వచ్చి పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకునే మేనేజరు, ఇదేమిటి ఈ అదనపు దిర్హాములు అని నన్ను విసుక్కునేవాడు. అవి సోనాపూర్ నుంచి వెళ్ళే ఒక పెట్టెకు అని నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో.

బీమా కూడా ఉంది. పదో తరగతి దాటని వాళ్ళకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, వెళ్ళే ప్రతి కార్మికుడికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో పోతే, శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. ఈ గదిలో ఎంతమందికి ఈ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడుందో తెలుసు? చేతులెత్తండి. ముగ్గురు. ఎనభై మందిలో ముగ్గురు. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పనిలో చేరినవాళ్ళకు ఈ బీమా ఉండదు. ప్రభుత్వ లెక్కలో వాళ్ళు పనికి వెళ్ళినవాళ్ళే కాదు, చూడటానికి వెళ్ళినవాళ్ళు. ఏజెంటుకు విజిట్ వీసా తేలిక, మీకు కాదు.

అమ్మాయిల విషయంలో ఇది మరీ ఘోరం. గోదావరి జిల్లాల నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళను అక్కడ ఖద్దామా అంటారు. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పంపకూడదని మన రూలు. కాబట్టి ఏజెంట్లు ఏం చేస్తారు? పుట్టిన తేదీ దిద్దిస్తారు, లేదా ఇంకో దేశం మీదుగా తిప్పి పంపుతారు. ఆ ఇంట్లో కొట్టారని, తిండి పెట్టలేదని ఆవిడ ఏదో ఒక రాత్రి బయటపడి టాక్సీ ఎక్కి మన కార్యాలయానికి వస్తే, లోపల షెల్టర్‌లో చోటు ఇస్తారు, అన్నం పెడతారు. కానీ ఆవిడ పేరు మన ఏ జాబితాలోనూ ఉండదు. ఆవిడ చెప్పే వయసు ఒకటి, పుస్తకంలో ఒకటి. అక్కడి పోలీసు ఆ తేడా పట్టుకుని కూర్చుంటాడు.

మా వాళ్ళను వెనకేసుకొచ్చానని అనుకోకండి. కాన్సులేట్లలో లోపాలు ఉన్నాయి. యూఏఈలో మనవాళ్ళు 35 లక్షలకు పైగా ఉన్నారు. ఎంతమంది గుమాస్తాలు ఉంటే సరిపోతారు? తెలుగు వచ్చినవాళ్ళు కౌంటర్‌లో ఉండటం అదృష్టం. హిందీ రాని మనిషి అద్దం దగ్గర నోరు తెరవకముందే అవతలివాడు విసుక్కుంటే, ఆ మనిషి మళ్ళీ ఆ గేటు తొక్కడు. తన బాధ చెప్పుకోవడానికి ఏజెంటు దగ్గరకే పోతాడు. కౌంటర్‌లో మాట తీరు బాగాలేక పోగొట్టుకున్న కేసులు, చట్టం లేక పోగొట్టుకున్నవాటికంటే ఎక్కువ అని నా అనుభవం. 2015 నుంచి మదద్ అనే వెబ్‌సైట్ ఉంది. ఫిర్యాదు నమోదు చేస్తే నంబరు వస్తుంది, ఎవరి దగ్గర ఆగిందో కనిపిస్తుంది. అది మంచి పని. ఊళ్ళో డిగ్రీ పిల్లలు ఉన్నారు కదా, వాళ్ళతో చేయించండి. డబ్బు అడిగేవాడికి ఇవ్వకండి.

సరే, ఇప్పుడు తెరవండి. వెనక నుంచి. తండ్రి పేరు, తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? భార్య పేరు ఉందా, లేక ఖాళీగా ఉందా? జిల్లా పేరు పాతదా? మీరు ఉంటున్నది ఆ ఇంటి నంబరులోనేనా? తేడా ఉన్నవాళ్ళు కంగారు పడకండి. మనిషి బతికి, బాగున్నప్పుడు దిద్దుకోవడం చాలా తేలిక. రెన్యువల్‌కు ఇచ్చేటప్పుడు అక్కడి కాన్సులేట్లోనే మార్పించుకోవచ్చు. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు మీవాడికి చెప్పండి. అలాగే ఇంటి పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు కూడా. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది.

ఇంకొక పని. మీకు పంచిన తెల్ల కాగితం మీద ఐదు సంగతులు రాయండి. ఏ దేశం, ఏ ఊరు, కంపెనీ పేరు లేదా కఫీల్ పేరు, అతని అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు) నంబరు, అతని గదిలో ఉండే ఇంకొక మనిషి ఫోను నంబరు. దుబాయి అని రాసి ఊరుకోవద్దు. తెలియనివి ఖాళీగా వదిలి, ఫోనులో అడిగి నింపండి. బీమా కాగితం, ఈ కాగితం, పాస్‌పోర్టు జిరాక్సు ఒకే కవరులో పెట్టండి. బియ్యం డబ్బాలో పెడతారో, దేవుడి గూట్లో పెడతారో మీ ఇష్టం, ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి.

రాయడం రానివాళ్ళకు నేను రాసిపెడతాను. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, నాలుగు పెన్నులు తెచ్చాను. ముందు ఈ వరుస రండి. అవ్వా, నువ్వు లేవకు. నీ దగ్గరికి నేనే వస్తాను.